జత లేని ఫ్లాపీ

ఎమ్మిగనూరులో జకార్డు మగ్గం ఉన్న ఏ ఇంటికి పోయి అటక మీదికి చూసినా, వేపాకు వేసి కట్టిన గుడ్డమూట ఒకటి కనిపించేది. అందులో నగలుండవు, పొలం కాగితాలుండవు. అట్టలుంటాయి. మగ్గం మీద ఆడుతున్న అట్టలకు అచ్చం అలాంటివే, ఒక్క రంధ్రం అటూ ఇటూ కాకుండా కొట్టిన రెండో వరస. దాన్ని ఆ ఊళ్ళో శేషప్ప జత అనేవారు.

అట్టల సంగతి తెలియనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. జకార్డు మగ్గానికి డిజైను నేర్పేది అట్టలే. ఒక్కో అట్ట మీద కొన్నిచోట్ల రంధ్రాలుంటాయి, కొన్నిచోట్ల ఉండవు. రంధ్రం ఉన్నచోట మగ్గానికి నిలువునా కట్టిన పడుగు పోగు పైకి లేస్తుంది, లేనిచోట లేవదు. ఆ సందులో అడ్డదారం చుట్టిన నాడె దూరిపోతుంది. అట్టల్ని వరసగా దారంతో కుట్టి, దండలాగా మగ్గం నెత్తిన వేలాడదీస్తే, నేసేవాళ్ళు కాలికింది తొక్కుడు తొక్కినప్పుడల్లా ఒక అట్ట తిరుగుతుంది. దండ పూర్తయ్యేసరికి గుడ్డ మీద పువ్వో తీగో తయారవుతుంది. ఒక అట్ట చిరిగితే పువ్వు కుంటిదవుతుంది. దండ పోతే మగ్గం మూగదవుతుంది.

ఆ అట్టలు కొట్టేవాడు శేషప్ప. బడిలో చదువుకున్నది తక్కువ. డెబ్భై రెండు కరువులో నాయన మగ్గం ఆగిపోతే ఆదోనికి పోయి జిన్నింగు మిల్లులో దూది మోశాడు. కరువు తీరాక తిరిగొచ్చేసరికి వాళ్ళ వీధిలో ఎవరో జకార్డు పెట్టించారు. దాని అట్టలు పైఊరినుంచి వచ్చేవి. అందులో కొన్ని చిరిగితే మళ్ళీ తెప్పించేదాకా మగ్గం ఖాళీ. శేషప్ప ఒకరోజు చిరిగిన అట్టను వెలుతురుకు పట్టి చూశాడు. కింద కొత్త అట్ట పెట్టి, మచ్చలు వేసుకుని, కంసాలి దగ్గర చేయించుకున్న ఉలితో రంధ్రాలు కొట్టాడు. మగ్గానికి ఎక్కిస్తే ఆడింది. అంతే, ఎవరూ నేర్పలేదు, అడిగి తిరగనూ లేదు. తర్వాత గళ్ళ కాగితం మీద సొంతంగా డిజైన్లు గీయడం కూడా అలాగే పట్టుబడింది.

జత కొట్టడం మొదలైంది మద్దమ్మ ఇంట్లో. ఆమె మొగుడు బతికున్న రోజులు. ఒక ముసురుకు ఇల్లు కారి మగ్గం మీది అట్టలన్నీ ఉబ్బిపోయాయి. ఊరంతా నేస్తుంటే ఆ ఇల్లు మాత్రం చేతులు కట్టుకుని కూర్చుంది. శేషప్ప పగలంతా ఉలి పట్టుకుని మళ్ళీ మొదటినుంచి కొట్టాల్సి వచ్చింది. గళ్ళ కాగితం ఉంది కాబట్టి సరిపోయింది. ఆ దండ ఇచ్చేటప్పుడే ఇంకోటి కూడా కొట్టి ఇచ్చాడు.

"రెండోదానికి కూలి యాడ తెచ్చేదప్పా?" అని మద్దమ్మ భయపడింది.

"కూలి అడిగినానా అక్కా? అట్టల ఖరీదియ్యి సాలు. దీన్ని అటక మీద పెట్టు. వానొస్తాది, ఎలకొస్తాది, నీ మనవడు పీకుతాడు. మగ్గం ఆగగూడదు."

అప్పటినుంచి శేషప్ప జత లేకుండా అట్టలిచ్చింది లేదు. దీనివల్ల అతనికి నష్టం కూడా జరిగింది. ఆ జతల్ని అరువు తీసుకుని, చూసి కొట్టుకుని, తమ డిజైన్లని చెప్పి అమ్ముకున్నవాళ్ళు ఊళ్ళో ఉన్నారు. శేషప్పకు వాళ్ళ పేర్లు తెలుసు, ఇండ్లు తెలుసు. సంతలో ఎదురైతే నోటికొచ్చినట్టు తిట్టేవాడు. కానీ ఆ దొంగల మీద కోపంతో కొన్నవాళ్ళకు జత మానెయ్యాలని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. కొన్నవాడు మగ్గం ఆడించుకోవడానికి కొంటాడు. ఆడకపోతే అమ్మినవాడి పని తప్పినట్టే. అతని న్యాయం అంతవరకే, అంతకుమించి మాటలు లేవు.

అలాంటివాడి ఇంటికి కంప్యూటరు వచ్చింది.

ఆదోనిలో పత్తి వ్యాపారి గోపాలయ్య తన మిల్లు ఆఫీసుకు కొత్తది కొని, పాతదాన్ని శేషప్పకు ఇచ్చేశాడు. గోపాలయ్యకు దుప్పట్ల వ్యాపారం కూడా ఉంది. ఎమ్మిగనూరులో నేయించి పైఊళ్ళకు పంపేవాడు. డిజైన్లు తొందరగా తయారైతే ఆయనకూ లాభమే. ఆ కంప్యూటరుకు ఫ్లాపీలు పెట్టే నోళ్ళు రెండుండేవి. నల్లటి పలచటి పలక లాంటి ఫ్లాపీ, నడుమ గుండ్రటి రంధ్రం, పక్కన గోధుమరంగు పొర కనిపించే కిటికీ. ఒక నోట్లో పని చేయించే ఫ్లాపీ పెట్టాలి, ఇంకో నోట్లో మనం గీసినవి దాచుకునే ఫ్లాపీ.

పని చేయించే ఫ్లాపీని బెంగళూరు కంపెనీ ఒకటి అమ్మేది. తెర మీద గళ్ళు వస్తాయి, గళ్ళలో చుక్కలు పెట్టి డిజైను గీస్తే ప్రింటరు గళ్ళ కాగితంలాగే అచ్చు వేసి ఇస్తుంది. దాన్ని చూసి అట్టలు కొట్టుకోవచ్చు. కంపెనీ తరఫున వచ్చి నేర్పినవాడు వాదిరాజ. మంత్రాలయం దగ్గర పుట్టి బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న కుర్రవాడు, నెమ్మదస్తుడు. శేషప్ప దాన్ని అరువు పెట్టకుండా, బేరమాడకుండా కొన్నాడు. రసీదు తీసుకున్నాడు.

వాదిరాజ ఇంకా చెప్పులు తొడుక్కోకముందే శేషప్ప అడిగాడు.

"సామీ, దీనికి జత?"

"జత అంటే ఏమన్నా?"

"ఇట్లాంటిదే ఇంగోటి. ఇది పాడైతే పెట్టుకునేకి."

"ఇయ్యరన్నా. ఒక్కటే."

"పోనీ నేనే చేసుకుంటాను. ఆదోనిలో ఇస్సాకని ఉండాడు, ఫ్లాపీనుంచి ఫ్లాపీకి దింపేది వానికి తెలుసు."

వాదిరాజ తల గోక్కున్నాడు. "దింపితే దిగుతాదన్నా, పని చెయ్యదు. దీంట్లో తాళం పెట్టినారు. మిషన్తో దీని మీద ఒక గుర్తు కొట్టినారు. ఆ గుర్తు కాపీలోకి రాదు. పెట్టినప్పుడల్లా కంప్యూటరు గుర్తు కోసరం వెతుకుతాది. లేకపోతే అసలు ఫ్లాపీ పెట్టమంటాది, అంతే."

"ఎందుకట్ల?"

"దొంగ కాపీలు చేస్తారని."

"నేను కొన్నోణ్ణి గదా సామీ."

"నువ్వు కాదన్నా... వేరేవాళ్ళు."

"వేరేవాళ్ళ కోసరం నా ఇంటికి తాళమేసినారా?"

వాదిరాజ నవ్వి, జాగ్రత్తగా వాడుకుంటే ఏళ్ళ తరబడి వస్తుందని, ఆ కిటికీని మాత్రం ఏ పరిస్థితుల్లోనూ ముట్టుకోవద్దని చెప్పి బస్సెక్కాడు. శేషప్ప నమ్మకం కుదరక ఇస్సాకును పిలిపించి దింపించి చూశాడు. వాదిరాజ చెప్పినట్టే అయింది. ఇస్సాకు ఒకప్పుడు ఆదోని మార్కెట్ యార్డు దగ్గర రేడియోలు బాగుచేసేవాడు. మిల్లుల్లో కంప్యూటర్లు దిగాక వాటినీ విప్పడం మొదలుపెట్టాడు. "మంచి గట్టి తాళమే వేసినారన్నా," అని మెచ్చుకున్నట్టు అన్నాడు. శేషప్పకు ఆ మెచ్చుకోలు నచ్చలేదు.

అయినా పని బాగుండేది, అది ఒప్పుకోవాలి. గళ్ళ కాగితం మీద తప్పు పడితే చెరిపి చెరిపి కాగితం చిల్లులు పడేది. తెర మీద చెరిపిందీ కనపడదు, గీసిందీ అరగదు. ఒక పువ్వు గీసి నాలుగు మూలలకూ పెట్టుకోవచ్చు. శేషప్ప ఆ ఏడాది గీసినవన్నీ నేరుగా తెర మీదే గీశాడు. దాచుకునే ఫ్లాపీలకు తాళం లేదు కాబట్టి అన్నింటికీ జతలు చేసి రేకు డబ్బాలో పెట్టుకున్నాడు. తన సొత్తంతా రెండేసి చొప్పున ఉందని అతనికి నిశ్చింత.

ఎనభై ఎనిమిది దసరాకు ముందు గోపాలయ్య దీపావళి వ్యాపారానికి కొత్త దుప్పటి అడిగాడు. శేషప్ప జొన్నచేను గీశాడు. దుప్పటి కాళ్ళ వైపునుంచి జొన్నదంట్లు లేస్తాయి. నడుమకు వచ్చేసరికి ఆకులు ఒకదాని మీద ఒకటి వాలతాయి. తల వైపు కంకులు, కంకుల మీద పిచికలు. ఒక కంకి ఇంకో కంకిలా ఉండదు, ఒక పిచిక గింజ పొడుస్తుంటే ఇంకోటి మెడ తిప్పి చూస్తుంటుంది. చిన్న అచ్చు చూసి గోపాలయ్య "ఇది అమ్ముడుపోతాదప్పా!" అన్నాడు.

నేయడానికి ఒప్పుకున్నది మద్దమ్మ. అప్పటికి మొగుడు పోయాడు. మూడు మగ్గాలు, కోడళ్ళతో కలిసి ఆమే నడిపిస్తోంది. మూడింటికీ ఈ డిజైనుకే పడుగు వేయించింది. దంటు వచ్చేచోట ఆకుపచ్చ పోగులు, మిగతాది గోధుమరంగు. అలాంటి పడుగు ఇంకో డిజైనుకు పనికిరాదు.

శేషప్పకు ఒక పద్ధతి ఉండేది. పెద్ద డిజైనైతే ముందు సగం అచ్చు వేసి, అట్టలు కొట్టి, మగ్గం మీద నేయించి చూసేవాడు. కాగితం మీద బాగున్నది గుడ్డ మీద బాగుంటుందని నమ్మకం లేదు. నేసిన సగం చూసి, రెండో సగంలో దిద్దుకోవాల్సింది దిద్దుకుని అప్పుడు అచ్చు వేసేవాడు. మద్దమ్మ మగ్గం మీద మొదటి సగం బ్రహ్మాండంగా వచ్చింది. దంట్లు నిటారుగా లేచాయి. రెండో సగాన్ని శేషప్ప తెర మీద దిద్దుకుని దాచుకున్నాడు. పండగ దాటాక అచ్చు వేద్దామనుకున్నాడు.

మహానవమి రోజు ఆయుధపూజ. ఎమ్మిగనూరులో ఆ రోజు నాడె కదలదు. శేషప్ప తలంటుకుని ఉలులు, సుత్తి, స్కేలు, కత్తెర కడిగి పీట మీద పేర్చాడు. కంప్యూటరుకు, ప్రింటరుకు బొట్లు పెట్టాడు. భార్య సుంకమ్మ గంధం గిన్నె పట్టుకుని పక్కనే ఉంది.

"ఆ నల్లపలకలకు పెట్టవా?" అంది.

"దాసుకునే ఫ్లాపీలు సరుకే, సరుక్కి పూజ లేదు. పని చేసేది ఇదొక్కటే." పని చేయించే ఫ్లాపీని కవరులోంచి తీసి పీట మీద పెట్టాడు. వాదిరాజ మాట గుర్తుండి కిటికీ జోలికి పోలేదు. నడుమ ఉన్న గుండ్రటి రంధ్రం అంచున, నుదుట పెట్టినంత పొందిగ్గా గంధం పెట్టి, పైన కుంకుమ అద్దాడు. దండం పెట్టుకున్నాడు.

గంధం పలచగా ఉంది. రంధ్రంలోంచి లోపలికి జారింది. ఆ రోజంతా పీట మీదే ఉండి ఎండిపోయింది. విజయదశమి నాడు దేవరగట్టు జాతరకు పోయే జనంతో బస్సులు కిక్కిరిసి ఉంటే, శేషప్ప ఎక్కడికీ పోకుండా ఇంట్లో కూర్చుని ఫ్లాపీ పెట్టాడు. కంప్యూటరు కంకర నమిలినట్టు చప్పుడు చేసింది. అసలు ఫ్లాపీ పెట్టమంది.

"ఇదే గదే అసలుది!" అన్నాడు శేషప్ప తెరతో.

మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అదే మాట. మెత్తటి గుడ్డతో తుడిచాడు. ఇస్సాకు వచ్చి ఫ్లాపీని పక్కగా కోసి, లోపలి గోధుమరంగు పొరను కడిగి ఇంకో తొడుగులో పెట్టి చూశాడు. గంధం ఎండిన చోట గీత పడిపోయింది.

"మామూలు ఫ్లాపీ అయ్యుంటే ఇది పోయినా జత పెట్టుకునేవాళ్ళమన్నా," అన్నాడు ఇస్సాకు. "ఆ గీత సరిగ్గా తాళం గుర్తున్న కాడనే పడింది."

శేషప్ప రేకు డబ్బా తెరిచి చూశాడు. ఏడాది గీసిన డిజైన్లన్నీ అందులో ఉన్నాయి. ఒక్కటీ చెడలేదు, ఒక్కోటి రెండేసి ఉన్నాయి. జొన్నచేను రెండో సగం కూడా ఉంది. తీసి చూసుకోవడానికి లేదు.

కంపెనీకి ట్రంకు కాల్ చేస్తే మనిషి రావాలన్నారు. ఆదోనిలో రైలెక్కి బెంగళూరు పోయాడు. చేతిసంచిలో రసీదు, కోసిన ఫ్లాపీ, మద్దమ్మ మగ్గం మీదినుంచి కత్తిరించిన దంట్ల గుడ్డముక్క. మేనేజరు కుర్చీ చూపించి మర్యాదగానే కూర్చోబెట్టాడు. వాదిరాజ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మేనేజరుది కన్నడం. శేషప్పకు సరిహద్దు ఊళ్ళ కన్నడం వచ్చు. అందుకని మాటలు అర్థం కాకపోవడమనే అదృష్టం కూడా లేకపోయింది.

పూజ సంగతి విని మేనేజరు నవ్వాడు. ఫ్లాపీకి బొట్టు పెడితే తమ బాధ్యత కాదన్నాడు. కావాలంటే ఇంకోటి పూర్తి ధర పెట్టి కొనుక్కోవచ్చన్నాడు.

"సరే సార్. నా తప్పు నేను ఒప్పుకుంటాను. ఇంగోటి ఇయ్యండి, కొంటాను," అన్నాడు శేషప్ప. కోపం దిగమింగి ఆ మాట అన్నాడు, మద్దమ్మ పడుగు కళ్ళ ముందు ఉంది.

అప్పుడు వాదిరాజ నేల చూస్తూ చెప్పాడు. "కొన్నా లాభం లేదన్నా. ప్రతి ఫ్లాపీకీ ఒక నంబరుంటాది. నువ్వు దాచుకున్న డిజైన్ల మీద కూడా ఆ నంబరే పడి ఉంటాది. కొత్తది వేరే నంబరు. అది నీ పాతవి తెరవదు."

శేషప్పకు ఒక్క క్షణం ఆ మాట తలకెక్కలేదు. "నేను గీసినవి?"

"అవునన్నా."

"నేను గీసినవాటి మీద మీ నంబరెందుకేసినారు?"

మేనేజరు అందుకున్నాడు. ఒకడు కొని, పదిమంది కలిసి వాడుకోకుండా ఉండటానికట. పాత నంబరుతోనే ఇంకోటి చేసి ఇవ్వమంటే, ఒక నంబరు రెండుసార్లు చేయడం తమ పద్ధతి కాదట. పైగా, పాడైన ఫ్లాపీ చూపించి రెండోది సంపాదించాలని చూసేవాళ్ళు చాలామంది వస్తుంటారట. అసలైనది ఎక్కడో పనిచేస్తూనే ఉంటుందట.

శేషప్ప లేచి నిలబడ్డాడు.

"సార్, నేను కూడా గీసి అమ్ముకునేవాణ్ణే. నా డిజైన్లు కాజేసినోళ్ళు మా ఊర్లో ఉండారు, రండి, ఇండ్లు సూపిస్తాను. అందుకని నా కాడ కొన్నోళ్ళకు అట్ట తక్కువ కొట్టి ఇచ్చినానా? వాళ్ళు నేసిన గుడ్డ మీద నా ముద్రేసి, నేను ఒప్పుకుంటేనే కప్పుకోండి అన్నానా? దొంగను పట్టుకోలేక దుడ్లిచ్చినోణ్ణి కట్టేస్తారా మీరు? మీ మిషన్తో గుర్తు కొట్టడం ఎంత బాగా తెలుసో గానీ, కొన్నోడు ఎట్ల బతకాలనేది ఒక్కరూ ఆలోచించలేదే!"

మేనేజరు అది తన చేతిలో లేదని, పైవాళ్ళు పెట్టిన పద్ధతని చెప్పి, టీ తెమ్మన్నాడు. శేషప్ప టీ తాగలేదు. వాదిరాజ మెట్ల కిందిదాకా వచ్చాడు.

"నేను ఊళ్ళు తిరిగి నేర్పేదానికి ఇచ్చిన ఫ్లాపీ కూడా ఒకసారి బస్సులో ఎండకు వంకరపోయిందన్నా. నా జీతంలో పట్టుకున్నారు," అన్నాడు.

"నువ్వు మంచోనివే సామీ. ఇట్లాంటిది అమ్మొద్దు," అన్నాడు శేషప్ప. అంతకంటే అతన్ని అనాలనిపించలేదు.

తిరిగొచ్చి ఆదోనిలో రైలు దిగి కొట్టుకు పోగానే ఇస్సాకు చల్లగా ఒక సంగతి చెప్పాడు. ఆ కంపెనీ తాళం పగలగొట్టిన కాపీ ఒకటి అతని దగ్గరే ఉంది. బెంగళూరు హాస్టలు పిల్లలెవరో పగలగొట్టారు. చేతులు మారి మారి రాయచూరు మీదుగా ఆదోనికి వచ్చింది. దానికి గుర్తు అక్కర్లేదు, నంబరు అక్కర్లేదు, ఎవరు గీసినదైనా తెరుస్తుంది. ఎన్ని జతలు కావాలంటే అన్ని దింపుకోవచ్చు.

"ఇదెప్పటినుంచి ఉండాది నీ కాడ?"

"పోయిన వారమే వచ్చిందన్నా. ఖాళీ ఫ్లాపీ ఒకటి తెచ్చుకో, సాలు."

శేషప్పకు సంతోషం రాలేదు. ఒళ్ళు మండింది. "అంటే దొంగకు తాళం లేదు, నంబరు లేదు, ఎన్నంటే అన్ని జతలు. రసీదు తీసుకున్న నాకు ఒక్కటి, అదీ బొట్టు పెడితే సచ్చేది. ఇదేం యాపారంరా ఇస్సాకూ!"

"తిట్టేది అయినంక తీసుకపో అన్నా."

"నాకొద్దు. నా డిజైన్లు కాజేసినోళ్ళను సంత నడుమ నిలబెట్టి తిట్టినోణ్ణి నేను. ఇప్పుడు నేనే పోయి దొంగసరుకు తెచ్చుకోవాల్నా?"

వట్టి చేతుల్తో ఇంటికి పోయి గళ్ళ కాగితం పరిచాడు. రెండో సగం మళ్ళీ చేత్తో గీయడం మొదలుపెట్టాడు. నడుమ దాకా వచ్చిన ఆకుల అంచులు కొట్టిన అట్టల్లో ఉన్నాయి. వాటికి అతుకు కలవాలి. తెర మీద నెల రోజులకు పైగా దిద్దుకున్నది గుర్తుండీ గుర్తుండనట్టు ఉంది. ఒక పిచిక వస్తే ఇంకో పిచిక రాదు. వచ్చిన కంకి ఆకు మీద సరిగ్గా వాలదు. కాగితాలు నలిపి మూల పడేశాడు. సుంకమ్మ అన్నానికి పిలిస్తే వినిపించుకోలేదు.

మద్దమ్మ తనే వచ్చింది. గుమ్మంలో కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది.

"శేషప్పా, పడుగుకు పెట్టిన గంజి విడిసిపోతాంది. ఒక మగ్గం మీద ఎలక పోగులు కొరికింది. కోడళ్ళు ముడులేసుకుంటా కూసోనుండారు. గోపాలయ్య మనిషి పొద్దున వచ్చినాడు. దీపావళికి ముందు దుప్పట్లు పడకపోతే సోలాపూరునుంచి తెప్పించుకుంటాడంట."

"నువ్వేం సెప్పినావక్కా?"

"శేషప్ప మాట తప్పడని సెప్పినాను. ఇంగేం సెప్పల్ల?" ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే శేషప్పకు తేలికయ్యేది. "నేసింది సూస్తే ఏడుపొస్తాందప్పా. కంకి లేని జొన్నసేను. కరువు గుడ్డ మాదిరి ఉండాది. అది ఎవురు కప్పుకుంటారు?"

శేషప్ప పెన్సిలు కింద పెట్టాడు. చొక్కా తొడుక్కుని ఆదోని బస్సెక్కాడు.

ఇస్సాకు కొట్లో రేడియో పాడుతోంది. శేషప్ప ఖాళీ ఫ్లాపీ బల్ల మీద పెట్టాడు. ఇస్సాకు వేళాకోళం చేయలేదు. కాపీ దింపి ఇచ్చాడు. బస్సులో కూర్చున్నంతసేపూ శేషప్ప దాన్ని చొక్కా లోపల పెట్టుకున్నాడు. తన ఇంట్లోకి తనే గోడ దూకి పోతున్నట్టు ఉంది అతనికి. గోడ కట్టినవాళ్ళ మీద, దూకేట్టు చేసినవాళ్ళ మీద కోపం రగులుతూనే ఉంది.

ఇంట్లో ఫ్లాపీ పెట్టాడు. కంప్యూటరు ఏమీ అడగలేదు. ఎవరివి నువ్వు అనలేదు, అసలుది ఏది అనలేదు. రెండో నోట్లో డిజైన్ల ఫ్లాపీ పెడితే జొన్నచేను తెరుచుకుంది. కంకులన్నీ అతను వదిలిన చోటే ఉన్నాయి. పిచిక మెడ తిప్పి చూస్తోంది.

"వచ్చిందా?" అంది సుంకమ్మ వెనకనుంచి.

"వచ్చింది. నాది నాకు వచ్చింది," అన్నాడు పళ్ళు కొరుకుతూ.

ముందు రెండో సగం అచ్చు వేశాడు. ఆ తర్వాత ఆగలేదు. ఆ ఏడాది గీసిన ప్రతి డిజైనునూ ఒకదాని తర్వాత ఒకటి కాగితం మీదికి దించాడు. ప్రింటరు రిబ్బను వెలిసిపోయి చుక్కలు కనపడీ కనపడకుండా ఉంటే, కొత్త రిబ్బను తెప్పించి మళ్ళీ వేశాడు. ఇల్లంతా గళ్ళ కాగితాలే. తెర మీద గీసినది ఏదైనా అదే రోజు కాగితం మీద లేకపోతే, అది తనది కాదని అతనికి అర్థమైంది. దాన్ని మళ్ళీ తెరవాలంటే తను అనుకుంటే చాలదు, ఎక్కడో కూర్చున్నవాడు తెరవనివ్వాలి.

అట్టలు కొట్టడానికి సుంకమ్మ కూడా కూర్చుంది. ఆమె వరస చదివితే అతను కొట్టాడు. కుట్టి దండ చేసి, మొదటి సగానికి అతికించి, మద్దమ్మ ఇంటికి తనే మోసుకుపోయాడు. కోడళ్ళు ఎలక కొరికిన పోగులన్నీ ముడులేసి సిద్ధంగా ఉంచారు. దండ ఎక్కించారు. మద్దమ్మ మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుంది.

మొదట ఆకుల అంచులు కలిశాయి. అతుకు ఎక్కడుందో కనిపించలేదు. నాడె పోతూ వస్తూ ఉంటే, కొంతసేపటికి మొదటి కంకి మొన బయటపడింది. పెద్దకోడలు తన మగ్గం వదిలి వచ్చి నిలబడింది.

"ఎట్ల దొరికిందప్పా? బెంగళూరోళ్ళు ఇచ్చినారా?" అంది మద్దమ్మ, చేయి ఆపకుండా.

"ఇయ్యలేదక్కా. దొంగతనంగా తెచ్చినాను."

మద్దమ్మ నాడె ఆపింది. తల తిప్పి చూసింది. "ఎవురిది దొంగిలించినావు?"

"నాదే. నేను గీసిందే."

"నీది నువ్వు తెచ్చుకుంటే దొంగతనమెట్లయితాది?"

"ఆ మాట బెంగళూరులో అడిగేసి వచ్చినానక్కా. టీ తాగమన్నారు."

పెద్దకోడలు ఫక్కున నవ్వింది. మద్దమ్మకు నవ్వు రాలేదు. కాసేపు ఆ కంకి మొన వైపే చూసి, "సదువుకున్నోళ్ళో, బుద్ధి లేనోళ్ళో," అని గొణుక్కుంటూ తొక్కుడు మీద కాలు వేసింది. అట్ట తిరిగింది. శేషప్ప అక్కడే గోడకు ఆనుకుని నిలబడి, పిచిక వచ్చేదాకా చూశాడు. ముక్కు గింజ మీద సరిగ్గా పడింది. కోపం మాత్రం తగ్గలేదు.